పాలిషర్‌ను కొన్నాళ్లు పెట్టెలోనే ఉంచండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. వారంలో ఐదు రోజులు ఉద్యోగం. శనివారం మొత్తం, ఆదివారం సగం ఖాళీ. కార్లంటే ప్రాణం, సొంత కారును గంటలకొద్దీ తుడుచుకునే అలవాటు. ఈ మధ్యే ఒక పాలిషర్ (తిరిగే ప్యాడ్‌తో పెయింట్‌ను మెరిపించే మెషీన్), రెండు సీసాల సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూస్తే గట్టిపడే పూత) కొన్నారు. వాటితో పార్ట్‌టైమ్‌గా డిటైలింగ్, అంటే కార్లను లోపలా బయటా శ్రద్ధగా శుభ్రం చేసి మెరిపించే పని మొదలుపెట్టి, నేరుగా పెయింట్ కరెక్షన్ (పాలిష్‌తో గీతలు పోగొట్టడం), కోటింగ్ పనులు తీసుకోవాలనుకుంటున్నారు. దుమ్ము, వాన రాని చోటు మాత్రం లేదన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంకేం కొనాలి, ధర ఎలా కట్టాలి, కోటింగ్ ఎప్పుడు అమ్మాలి అని అడిగారు.

నేను ఈ పనిలోకి వచ్చి 14 ఏళ్లయింది. అందులో మొదటి 5 ఏళ్లు మీలాగే ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో చేశాను. అందుకే కాస్త చొరవ తీసుకుని సూటిగా చెబుతున్నాను: మొదటి 6 నెలలు కస్టమర్ కారు మీద పాలిషర్ పెట్టకండి, కోటింగ్ అమ్మకండి. లోపలి శుభ్రత, గీతలు పడని వాష్, ఈ రెండే అమ్మండి. పాలిషర్ కొన్నాక ఈ మాట వినడం కష్టంగా ఉంటుందని తెలుసు. ఎందుకు చెబుతున్నానో చూడండి.

కారు పెయింట్ ఒకే పొర కాదు. లోహం మీద ప్రైమర్, దాని మీద రంగు, ఆ పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. ఫ్యాక్టరీ పెయింట్ అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక మందమే దాదాపు 70 మైక్రాన్లు. ఎండలోని యూవీ కిరణాల నుంచి రంగును కాపాడేది వెంట్రుక కంటే పలచనైన ఆ పొరే. పాలిష్ చేస్తే గీత పూడిపోదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్ అరిగిపోతుంది, అందుకే గీత కనిపించదు. అరిగింది మళ్లీ రాదు. మీకంటే ముందు ఆ కారును ఎవరు ఎన్నిసార్లు పాలిష్ చేశారో యజమానికి కూడా చాలాసార్లు తెలియదు.

నా రెండో ఏడాదిలో ముదురు నీలం రంగు కారు ఒకటి వచ్చింది. బానెట్ నిండా సాలెగూడు గీతలు. అప్పుడు నా దగ్గర ఉన్నది రోటరీ పాలిషర్, అంటే ప్యాడ్ ఒకే అక్షం మీద గిర్రున తిరిగే రకం. బానెట్ మధ్యలో ఉబ్బెత్తుగా ఒక గీటు ఉంటుంది కదా, బాడీ లైన్, దాని మీదుగా ప్యాడ్ పోనిచ్చాను. మామూలుగా ప్యాడ్ మీద మిగిలేది తెల్లటి మడ్డి. ఆ రోజు ప్యాడ్ తిప్పి చూస్తే తెలుపులో లేత నీలం కలిసింది. క్లియర్ కోట్ దాటి రంగులోకి వెళ్లిపోయానన్నమాట. వంగి చూస్తే ఆ గీటు పొడవునా వేలెడంత మేర మెరుపు లేకుండా మొద్దుబారి ఉంది. అంచుల దగ్గర, గీటుల దగ్గర పెయింట్ ఎప్పుడూ పలచగా ఉంటుంది, పైగా ప్యాడ్ ఒత్తిడి అంతా అక్కడే పడుతుంది. యజమానికి అప్పుడే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. బానెట్‌కు మళ్లీ పెయింట్ వేయించే ఖర్చు నేనే పెట్టుకున్నాను. దాదాపు మూడు నెలల వారాంతాల సంపాదన అందులో పోయింది. ఆయన ఇప్పటికీ నా కస్టమరే, కానీ ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

మీరు కొన్నది డీఏ (డ్యుయల్ యాక్షన్) పాలిషర్ అయితే కొంత నయం. అది తిరుగుతూనే ఊగుతుంది కాబట్టి ఒకే చోట వేడి పుట్టించడం తక్కువ. అయినా దానితోనూ అంచులు కాలతాయి. నేర్చుకోవడానికి పాత కార్ల విడిభాగాలు అమ్మేవాళ్ల దగ్గర ఒక బానెట్ కొనుక్కోండి. దాన్ని సగానికి టేపు వేసి విడదీసి, ఒక సగం పాలిష్ చేసి, రెండో సగంతో టార్చిలైట్ కింద పోల్చి చూడండి. కావాలనే ఒక అంచు దగ్గర ఆపకుండా తోసి, ఎంతసేపటికి రంగు బయటపడుతుందో చూడండి. ఆ అనుభవం కస్టమర్ కారు మీద రాకూడదు. పెయింట్ మందం కొలిచే మీటర్ కూడా అప్పటికి కొనుక్కోవాలి. మామూలు మీటర్లు లోహపు ప్యానెళ్ల మీదే పనిచేస్తాయి, ప్లాస్టిక్ బంపర్ల మీద రీడింగ్ ఇవ్వవు. పక్క ప్యానెళ్లు 120 చూపిస్తుంటే ఒక తలుపు 250 చూపిస్తే, దానికి మళ్లీ పెయింట్ పడిందని అర్థం. 80 చూపించే ప్యానెల్ జోలికి నేను వెళ్లను.

ఇక లోపలి శుభ్రత. కొత్తవాళ్లు దీన్ని చిన్నపని అనుకుంటారు. నా లెక్కలో పార్ట్‌టైమ్‌కు ఇంతకంటే మంచి పని లేదు. కస్టమర్ రోజూ కూర్చునేది లోపల, చేతులు పెట్టేది స్టీరింగ్ మీద. తేడా తలుపు తీయగానే తెలుస్తుంది. తప్పు జరిగినా చాలావరకు దిద్దుకోవచ్చు. ఎండా వానా చూడక్కర్లేదు, నీళ్లు తక్కువ చాలు. అన్నిటికంటే ముఖ్యంగా, ఓపిక ఉంటే మొదటి నెలలోనే మంచి పని చేయగలరు.

వరస మాత్రం తప్పకండి. ముందు చెత్త, వస్తువులు తీసి ఒక సంచిలో వేసి కస్టమర్‌కు అప్పజెప్పండి. ఒక్క నాణెం, ఒక్క కాగితం కూడా మీ నిర్ణయంతో పారేయకండి. మ్యాట్లు బయటికి. తర్వాత పొడి దుమ్ము, పైనుంచి కిందికి: ఏసీ సందులు, డాష్‌బోర్డ్, తలుపులు, సీట్లు, చివరికి నేల. మెత్తటి బ్రష్ ఒక చేత్తో ఆడిస్తూ, రెండో చేత్తో వాక్యూమ్ గొట్టం పక్కనే పట్టుకుంటే లేచిన దుమ్ము లేచినట్టే లోపలికి పోతుంది. సీటును పూర్తిగా ముందుకు జరిపి వెనక పట్టాల దగ్గర, పూర్తిగా వెనక్కి జరిపి ముందు పట్టాల దగ్గర వాక్యూమ్ పెట్టండి. చాలామంది వదిలేసేది ఇక్కడే, కస్టమర్ ఏదైనా కింద పడేసుకుని వెతికినప్పుడు వేళ్లకు తగిలేది కూడా ఇక్కడే. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటిని లాగకండి, తడపకండి. అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు.

పొడి పని పూర్తయ్యేదాకా తడి పని ముట్టుకోవద్దు. దుమ్ము మీద నీళ్లు పడితే బురదవుతుంది, ఆ బురద గుడ్డలోకి ఎక్కి ప్లాస్టిక్ మీద గీతలు పెడుతుంది. క్లీనర్‌ను నేరుగా డాష్‌బోర్డ్ మీద కాకుండా గుడ్డ మీదో బ్రష్ మీదో స్ప్రే చేయండి. స్విచ్‌ల లోపలికి, స్క్రీన్ అంచుల్లోకి నీళ్లు దిగితే ఆ తంటా మీ మెడకు చుట్టుకుంటుంది. ఈ మధ్య కార్లలో లెదర్ సీట్లు చాలావరకు పైన పూత ఉన్నవే. మురికి ఉండేది ఆ పూత మీద, కాబట్టి తేలికపాటి క్లీనర్, మెత్తటి బ్రష్, తడి గుడ్డ చాలు. గట్టిగా రుద్దితే పూతే పోతుంది. అద్దాలకు సన్ ఫిల్మ్ ఉంటే అమోనియా కలిసిన క్లీనర్ వాడకండి, ఫిల్మ్ పాడవుతుంది. స్టీరింగ్ మీద, పెడల్స్ మీద మెరుపు కోసం ఏదీ పూయకండి. చెయ్యో కాలో జారితే అది ప్రాణాల మీదికొచ్చే విషయం.

రూఫ్ లైనింగ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది పలచటి ఫోమ్ వెనకున్న గుడ్డ, అట్టకు జిగురుతో అంటించి ఉంటుంది. మరక కనిపించింది కదా అని తడిపి రుద్దితే జిగురు వదిలి గుడ్డ కిందికి వేలాడుతుంది. దానికి మందు లేదు, మార్చాల్సిందే. కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్‌తో అద్దినట్టు తుడవండి. మరక పోకపోతే పోలేదని కస్టమర్‌కు చెప్పేయండి.

గుడ్డ సీట్లను షాంపూ చేసేటప్పుడు నీళ్లు పోయడం కంటే నీళ్లు లాగడం మీద ధ్యాస పెట్టండి. సీటు పైన ఆరినట్టే ఉంటుంది, లోపలి ఫోమ్ రెండు రోజులు తేమ పట్టి ఉంటుంది. అద్దాలు మూసి కారు ఇచ్చేస్తే మర్నాటికి ముక్కిన వాసన మొదలవుతుంది. ఎక్స్‌ట్రాక్టర్‌తో (నీళ్లు వదిలి తిరిగి లాగే మెషీన్) ఒకసారి నీళ్లు వదిలితే మూడుసార్లు ఉత్తినే లాగండి. ఫ్యాన్ పెట్టండి, తలుపులు తీసి ఉంచండి. సాయంత్రం ఇచ్చేసే కారుకు ఈ పని మధ్యాహ్నం తర్వాత మొదలుపెట్టవద్దు. దుర్వాసన పోగొట్టమని అడిగితే ముందు అది ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. సీటు కింద ఒలికిన పాలు, మ్యాట్ కింద తడి, మార్చని క్యాబిన్ ఫిల్టర్, ఇవే ఎక్కువ. మూలం ఉండగా సెంటు కొడితే రెండు వాసనలు కలిసి ఇంకా భరించలేకుండా ఉంటుంది. ఓజోన్ మెషీన్ గురించి విని ఉంటారు. అది నడుస్తుండగా కారులో మనిషి గానీ పెంపుడు జంతువు గానీ ఉండకూడదు, ఆపాక బాగా గాలి ఆడనివ్వాలి. మొదట్లో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఇక వాష్. కారు మీద కనిపించే సాలెగూడు గీతల్లో ఎక్కువ భాగం రోడ్డు మీద పడినవి కావు, కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు పడినవి. ఇసుక రేణువు గుడ్డకు, క్లియర్ కోట్‌కు మధ్య ఇరుక్కుని పక్కకు లాగబడితే ఒక గీత. కడిగే పద్ధతి అంతా ఆ ఒక్క రేణువును లాగకుండా ఉండటం కోసమే. చక్రాలు ముందు కడిగేయండి, వాటి బకెట్, బ్రష్‌లు, గుడ్డలు పూర్తిగా వేరు. తర్వాత ఫోమ్ వేసి, అది ఆరిపోకముందే ప్రెషర్‌తో కడిగితే వదులుగా ఉన్న మట్టి చెయ్యి తగలకుండానే పోతుంది. ప్రెషర్ వాషర్‌కు 25 లేదా 40 డిగ్రీల నాజిల్ వాడండి, కనీసం అడుగు దూరం ఉంచండి. సన్నగా సూదిలా కొట్టే నాజిల్‌ను కారు దగ్గరికి రానివ్వకండి. పెయింట్ లేచిన చోట కొడితే ఆ పెచ్చు మొత్తం ఊడి వస్తుంది.

ఆ తర్వాత రెండు బకెట్లు: ఒకటి షాంపూ నీళ్లు, ఒకటి మామూలు నీళ్లు, రెంటి అడుగునా జాలీ. మిట్‌ను (చేతికి తొడుక్కుని కడిగే మెత్తటి తొడుగు) ఒక ప్యానెల్ తుడిచాక మామూలు నీళ్లలో జాలీకి రుద్ది కడిగి, అప్పుడు షాంపూలో ముంచాలి. రూఫ్ నుంచి మొదలుపెట్టి, తలుపుల కింది భాగం, బంపర్ చివర. గిన్నెలు తోమే సబ్బు వాడకండి, అది మైనపు పూతను తీసేస్తుంది. ప్యానెల్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలితే పని ఆపి నీడలోకి మార్చండి. షాంపూ, నీళ్లు ఆరిపోతే మరకలు మిగులుతాయి. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అలా గట్టిపడితే వాటిని తీయడం కడగడం కంటే పెద్ద పని.

నీళ్ల వసతి లేని చోట, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, రిన్స్‌లెస్ వాష్ (తుడిచాక మళ్లీ నీళ్లతో కడగక్కర్లేని ద్రావణం) బాగా పనికొస్తుంది. కొన్నిటికి 10 లీటర్ల నీటిలో 40 మిల్లీలీటర్ల ద్రావణం చాలు, ఒక బకెట్‌తో చిన్న కారు అయిపోతుంది. తడిపిన గుడ్డ మడతలు మార్చుకుంటూ, ఒక్కో మడతతో ఒక్కో భాగం తుడవాలి, వాడిన మడతను మళ్లీ వాడకూడదు. మట్టి కొట్టుకుపోయిన కారుకు మాత్రం ఇది పనికిరాదు, ముందు నీళ్లతో కడగాల్సిందే.

మైక్రోఫైబర్ గుడ్డలు ఉదారంగా కొనండి. డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. ఆరబెట్టడానికి దట్టమైనవి రెండు, పెయింట్‌కు 350 జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో) చుట్టుపక్కలవి ఓ 20, లోపలికి ఓ 20, చక్రాలకు పాతవి. ఒక్కో పనికి ఒక్కో రంగు పెట్టుకోండి. నేల మీద పడిన గుడ్డను ఆ రోజు మళ్లీ పెయింట్ మీద పెట్టకండి. ఉతికేటప్పుడు నూలు బట్టలతో కలపవద్దు, ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వేయవద్దు, ఎక్కువ వేడిలో ఆరబెట్టవద్దు. ఈ మూడిట్లో ఏది చేసినా గుడ్డ మురికిని పట్టడం మానేస్తుంది.

మందుల విషయానికొస్తే, మొదట్లో ఐదు చాలు: పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) షాంపూ, పలచన చేసుకోగలిగే ఆల్ పర్పస్ క్లీనర్, గ్లాస్ క్లీనర్, టైర్ డ్రెస్సింగ్, ఐరన్ రిమూవర్. ఆల్ పర్పస్ క్లీనర్‌ను లోపలికి 1:10, టైర్లకు 1:4 కలిపి వేర్వేరు సీసాల్లో పోసి, పేరు, నిష్పత్తి రాసి అంటించండి. ఐరన్ రిమూవర్ బ్రేకు దుమ్ములోని ఇనుముతో కలిసి ఊదారంగులోకి మారి కారుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. గాలి ఆడే చోట, గ్లవ్స్ వేసుకుని వాడండి. చక్రాలకు వాడే కొన్ని ఘాటు ఆసిడ్ క్లీనర్లలో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ లేదా దానికి సంబంధించిన లవణాలు ఉంటాయి. చర్మానికి తగిలిన వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా హాని చేస్తుంది. ఎంత త్వరగా పని అయినా సరే, అవి కొనకండి. టైర్ డ్రెస్సింగ్ టైరు పక్కలకే. నేలకు ఆనే భాగం మీద, బ్రేకు డిస్క్ మీద చుక్క కూడా పడకూడదు.

ఇంజిన్ కడగమని అడుగుతారు. మొదటి ఏడాది వద్దనండి. తుడవడం వరకు చేయండి, అదీ ఇంజిన్ చల్లారాక. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజివి, వాటికి దూరంగా ఉండండి.

ఇప్పుడు ధర. మీరు అడిగిన వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే, ఎందుకంటే పార్ట్‌టైమ్‌గా మొదలుపెట్టి మానేసినవాళ్లలో నేను చూసిన ఎక్కువమంది పని రాక మానేయలేదు, లెక్క తప్పి అలిసిపోయి మానేశారు. నా పాత డైరీలో ఒక శనివారం ఇలా ఉంది. లోపల, బయట కలిపి 3 గంటల పని అని చెప్పి ఒప్పుకున్న కారు. రానూపోనూ 40 నిమిషాలు. సామాను దించి సర్దుకోవడం 20. కారు చుట్టూ తిరిగి చూసి ఫొటోలు తీయడం 10. అసలు పని 3 గంటల 20 నిమిషాలు, వెనక సీట్లో కుక్క వెంట్రుకలు ఉన్నాయి మరి. చూపించి అప్పజెప్పడం 10. మళ్లీ సర్దడం 20. రాత్రి ఇంట్లో గుడ్డలు ఉతికి ఆరేయడం, సీసాలు నింపడం 30. మొత్తం ఐదున్నర గంటలు. నేను ధర కట్టింది 3 గంటలకు.

అందుకని ధర కంటే ముందు గడియారం. మీ సొంత కారు, ఇంట్లోవాళ్ల కార్లు కలిపి నాలుగైదింటిని కస్టమర్ కారులాగే చేయండి, ప్రతి అంచె సమయం రాయండి. ఆ మొత్తం గంటలకు మీకు గిట్టుబాటయ్యే గంట కూలి వేసి, మందులు, గుడ్డల అరుగుదల, ప్రయాణం, ఇన్సూరెన్స్, పన్ను కలపండి. వచ్చిన అంకె పక్కవాళ్ల ధరకంటే ఎక్కువుంటే కంగారు పడి తగ్గించకండి. ఆటోమేటిక్ వాష్‌తో ధరలో పోటీపడి ఎవరూ నెగ్గలేరు. మీరు అమ్మేది అది కాదు కూడా. కారు చూడకుండా ఫోన్‌లో ఖాయమైన ధర చెప్పవద్దు. ఫొటోలు పంపమనండి, ఇంత నుంచి ఇంత అని చెప్పండి, కారు చూశాక ఒక అంకె ఖాయం చేయండి. పెంపుడు జంతువుల వెంట్రుకలు, ఇసుక, బూజు, సిగరెట్ వాసన, వీటికి అదనపు ధర ముందే రాసిపెట్టుకోండి.

శనివారం ఒక పెద్ద పని గానీ రెండు చిన్న పనులు గానీ పెట్టుకోండి, అంతకు మించి వద్దు. ఆదివారం ఉదయం వాన వల్లో మరెందువల్లో వాయిదా పడ్డదానికి వదిలేయండి. సోమవారం మీకు ఉద్యోగం ఉంది. నడుము, మోకాళ్లు రెండింటినీ వాడే పని ఇది. మోకాళ్ల ప్యాడ్, చక్రాలున్న చిన్న స్టూలు మొదటి రోజే కొనండి, మెరుపు మందుల కంటే ఇవి ఎక్కువ ఉపయోగం. మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి పని గురించి ఏముందో కూడా మొదలుపెట్టకముందే చదివి, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

కస్టమర్ల సంగతి. ఒక్కసారి వచ్చి పెద్ద పని చేయించుకుని కనిపించకుండా పోయే 50 మంది కంటే, 4 వారాలకోసారి కారు ఇచ్చే 8 మంది మేలు. 8 మంది ఉంటే వారానికి రెండు కార్లు ఖాయం, మీ శనివారం నిండినట్టే. మొదటిసారి 4 గంటలు పట్టిన కారు రెండోసారి 2 గంటల్లో అయిపోతుంది, ఎందుకంటే మురికి పేరుకునే లోపే మీరు మళ్లీ వెళ్తారు. అలా వచ్చేవాళ్లకు ధర తగ్గించినా మీ గంట కూలి తగ్గదు. కాబట్టి మొదటి పని అప్పజెప్పేటప్పుడే తర్వాతి తేదీ అడగండి. ఉచితంగా మాత్రం ఎవరికీ చేయవద్దు, ఇంట్లోవాళ్లకు తప్ప. పరిచయస్తులకు తగ్గించి చేస్తే అసలు ధర ఎంతో, ఎంత తగ్గించారో చెప్పి చేయండి. లేకపోతే వాళ్లు ఇంకొకరిని పంపినప్పుడు తగ్గించిన ధరే మీ ధర అయిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు కస్టమర్‌ను పక్కన పెట్టుకుని కారు చుట్టూ తిరగండి. ఉన్న గీతలు, సొట్టలు, చిరిగిన చోట్లు, వెలిగి ఉన్న హెచ్చరిక లైట్లు ఫొటోలు తీసి, ఆయన ముందే ఆయన ఫోన్‌కు పంపండి. 10 నిమిషాల పని. వారం తర్వాత "ఈ గీత ముందు లేదు" అనే మాట వచ్చినప్పుడు గొడవ లేకుండా తేలిపోతుంది. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: నేను పని చేస్తున్న కారుకే నష్టం జరిగితే ఇది వర్తిస్తుందా? మామూలు పబ్లిక్ లయబిలిటీ పాలసీల్లో ఆ నష్టాన్ని మినహాయించడం సర్వసాధారణం, దానికి వేరుగా కవర్ తీసుకోవాలి. కస్టమర్ కారును మీరు నడపాల్సి వస్తే అది ఇంకో ప్రశ్న. వాష్ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కూడా చూసుకోండి. సబ్బు నీళ్లు వాననీటి కాలువలోకి వదలడం చాలాచోట్ల నిషిద్ధం.

కోటింగ్ ఎప్పుడు అమ్మాలన్నారు. మీరు పాలిషర్‌తో ధైర్యంగా, అంచులు కాల్చకుండా ఒక కారు మొత్తం చేయగలిగాక. కోటింగ్ కిందున్న ప్రతి గీతనూ లోపలే ఉంచేస్తుంది, కాబట్టి ముందు పాలిష్, ఆపై ఆల్కహాల్‌తో తుడిచి నూనెలన్నీ తీయడం, అప్పుడు కోటింగ్. పూసిన కొద్ది నిమిషాల్లో మిగులును తుడవకపోతే మరకలా గట్టిపడుతుంది, మళ్లీ పాలిష్ చేస్తే తప్ప పోదు. పైగా చాలా కోటింగ్‌లకు కనీసం 12 నుంచి 24 గంటలు నీళ్లు తగలకూడదు. దుమ్ము, వాన రాని చోటు లేకుండా అది చేయకూడదు, ఆ చోటు మీకు ఇప్పుడు లేదని మీరే రాశారు. సీసా మీద 9హెచ్ అని ఉంటుంది. అది పెన్సిల్ ములుకుతో గీసి చూసే పరీక్షలో పై మెట్టు, అంతే. రాళ్లు తగిలినా, తప్పుగా కడిగినా గీతలు పడతాయి. గీతలు పడవని కస్టమర్‌కు ఎప్పుడూ మాటివ్వకండి. మురికి అంటడం తగ్గుతుంది, కడగడం తేలికవుతుంది అని చెప్పండి, అది నిజం.

కొన్న రెండు సీసాల గురించి దిగులు పడకండి. వాటి మీద గడువు తేదీ చూడండి, తెరవకుండా చల్లటి చోట పెట్టండి. తెరిచిన సీసా గాలిలోని తేమకే గట్టిపడుతుంది కాబట్టి తర్వాత వాడుకోవచ్చని మూత తీసి చూడవద్దు. గడువు దగ్గరపడేసరికి మీ పాత బానెట్ మీద సాధన అయిపోయి ఉంటుంది. ఒక సీసా మీ సొంత కారుకు వేయండి, ఎక్కడ మిగులు గట్టిపడిందో రాసుకోండి. రెండోది ఇంట్లోవాళ్ల కారుకు. ఈలోపు ఈ శనివారం మీ కారు లోపలి పని గడియారం పెట్టుకుని చేసి, ఏ అంచెకు ఎన్ని నిమిషాలు పట్టిందో నాకు రాయండి. ఆ అంకెలు చేతిలో ఉంటే మీ మొదటి ధర ఎంత పెట్టాలో కలిసి లెక్కేద్దాం.